కంప్యూటరుకు రెండు ఉపాయాలు

పిల్లలూ! కంప్యూటరు చేత పనులు త్వరగా చేయించటానికి ప్రోగ్రాములు రాసేవారికి రెండు ఉపాయాలున్నాయి. ఒకటి పారలల్: పనిని పంచి, అందరి చేతా ఒకేసారి చేయించటం. రెండవది అసింక్రనస్: ఒక పని ముగిసేదాకా కాచుకుని కూర్చోక, ఈలోగా మరొక పని చూడటం. పేర్లు విని బెదరకండి. మా గవర్నర్‌పేటలో పొద్దున్నే ఏ టిఫిను హోటలు చూసినా ఈ రెండూ కనిపిస్తాయి.

వంటవాడు ఇడ్లీపాత్ర పొయ్యి మీద పెట్టి, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడడు. ఈలోగా పెనం మీద అట్టు పోస్తాడు. ఇది అసింక్రనస్. మరి వంద కొబ్బరికాయలు కోరాలంటే? ఒక్కడు ఎంత ఒడుపుగా సర్దుకున్నా లాభం లేదు. నలుగురు కూర్చుని తలా పాతిక కోరవలసిందే. ఇది పారలల్. అయితే, పదిమంది చుట్టూ చేరినంత మాత్రాన ఇడ్లీ త్వరగా ఉడకదు సుమా!

ఏ పనికి ఏ ఉపాయం తగునో తెలియటం ఒక్కొక్కప్పుడు ప్రాణాలతో కూడిన సంగతి. 1977 నవంబరు 19న మన దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలమంది చనిపోయారు. తుఫాను దారి ముందుగా తెలియాలి. తెలిసిన కబురు ఊరూరికీ అందాలి. ఇవి రెండు వేరు వేరు పనులు.

తుఫాను దారి కట్టాలంటే ఆకాశాన్ని చిన్న చిన్న గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడిలో గాలి, వేడి, తేమ ఎలా మారతాయో లెక్కించాలి. 1922లో రిచర్డ్‌సన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఒక చిత్రమైన ఊహ చేశాడు. ఒక గుండ్రని మహామందిరంలో 64,000 మంది కూర్చుని, పక్కవారి జవాబులు చూసుకుంటూ, ఎవరి గడి లెక్క వారు ఒకేసారి చేస్తారట! ఆ ఊహ ఇప్పుడు నిజమయింది. పూణేలో 2018లో ప్రారంభించిన 'ప్రత్యూష్', 2024లో ప్రారంభించిన 'అర్క' అనే సూపర్ కంప్యూటర్లలో ఎన్నో ప్రాసెసర్లు లెక్కలు పంచుకుని చేసే ఏర్పాటున్నది. ఇక్కడ కాలమంతా లెక్కలకే పోతుంది, కనుక పారలల్ తప్ప గతి లేదు. రేపటి తుఫాను లెక్క ఎల్లుండికి తేలితే ఏం ప్రయోజనం?

ఇక కబురు సంగతి. లక్ష ఫోన్లకు హెచ్చరిక పంపి, అందినట్టు జవాబు తెప్పించుకోవాలనుకోండి. పంపటం క్షణంలో పని. ఆలస్యమంతా జవాబు రావటంలోనే. ఫోనుకు ఒకడు చొప్పున లక్షమందిని కాపలా పెడితే, అందరూ ఊరికే కూర్చుంటారు. అంతమందిని కూర్చోబెట్టటానికి కంప్యూటరు మెమరీయే చాలకపోవచ్చు. అలాకాక, ఒక్కడే వరసగా అందరికీ పంపుకుంటూ పోయి, జవాబులను వచ్చినవి వచ్చినట్టు రాసుకుంటే సరి. ఇక్కడ అసింక్రనస్ మేలు.

చూశారా? పని ఎక్కువైతే చేతులు పెంచాలి. ఎదురుచూపు ఎక్కువైతే ఆ వేళను వాడుకోవాలి. రెండూ ఎక్కువైనచోట రెండు ఉపాయాలూ కలిపి వాడతారు. ఏమైనా, ఆలస్యం దేనివల్లనో ముందు కనిపెట్టాలి. ఉపాయం ఆ తరవాత.

ఇప్పుడు మీకొక ప్రశ్న. అమ్మ కుక్కరు పొయ్యి మీద పెట్టి, కూర తరుగుతున్నది. మీరూ చెల్లెలూ చెరి సగం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. వీటిలో ఏది ఏ ఉపాయమో రాత్రి భోజనాల వేళ మీ నాన్నగారికి చెప్పండి.