బగ్గీని వాగు దగ్గర వదిలేసి వచ్చా

మా బగ్గీ 2021లో, వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో, హైదరాబాద్‌లో మా సందు చివర దొరికిన ఊరకుక్క పిల్ల. సాఫ్ట్‌వేర్ వాడు పెట్టే పేరు అలాగే ఉంటుంది మరి. మూడేళ్లు నా కుర్చీ కిందే పడుకుంది. తర్వాత ఆఫీసు వాళ్లు వారానికి నాలుగు రోజులు రమ్మన్నారు. పొద్దున తొమ్మిదికి తాళం వేస్తే రాత్రి ఎనిమిదికి తీసేవాణ్ని. అంతసేపూ ఏడ్చేదట. ఎవరో రికార్డు చేసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. 11 సెకన్లు. రెండోసారి వినలేకపోయా.

అందుకే జంగారెడ్డిగూడెం దగ్గర మా బాబాయి తోటలో వదిలేద్దామని సెప్టెంబర్‌లో కారు అద్దెకి తీసుకుని బయల్దేరా. ఖమ్మం, సత్తుపల్లి, అశ్వారావుపేట మీదుగా. వెనక సీట్లో అది, డిక్కీలో కొత్త టెంటు. ఆ రాత్రి దానితో కలిసి వాగు ఒడ్డున పడుకోవాలని నా ప్లాను. మోసం చేసే ముందు బిర్యానీ పెట్టినట్టన్నమాట.

గురవాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి గుడికి వెళ్లినవాళ్లకి ఎర్రకాలువ తెలిసే ఉంటుంది. పేరుకే కాలువ, నిజానికి వాగు. మా తోట పక్కన పారేది దాంట్లో కలిసే ఇంకో చిన్న వాగు. మ్యాప్‌లో దానికి పేరు కూడా లేదు.

వీడియోల్లో చూసినట్టు మధ్యలో తెల్లటి ఇసుక మీద టెంటు వేశా. బాబాయి వచ్చి చూశాడు.

"ఒరేయ్, తియ్యరా దాన్ని. పైన కొండల్లో వాన పడితే ఇక్కడ చినుకు లేకపోయినా నీళ్లొచ్చేస్తాయి. వాగుకి హారన్ ఉండదు."

గొణుక్కుంటూ గట్టు మీద మామిడిచెట్టు కిందకి మార్చా. బగ్గీ టెంటులోకి రానే రాలేదు. బయట బాబాయి చెప్పుల మీద ముక్కు పెట్టుకుని పడుకుంది. కప్పల గోలకి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున లేచి చూస్తే ఇసుక లేదు. నిన్న నేను మేకులు దిగ్గొట్టిన చోట మోకాలి లోతు ఎర్రనీళ్లు. కుక్క మమ్మల్ని కాపాడిందని రాస్తే బావుండేది గానీ, అది హాయిగా గుర్రు పెడుతోంది.

మధ్యాహ్నానికి నీళ్లు తగ్గాక ముగ్గురం వాగు వెంట పైకి నడిచాం. మట్టి గట్టులో గుండ్రటి బొక్కలుంటే ఎండ్రకాయలవి అనుకున్నా. లకుముకి పిట్టలు తవ్విన గూళ్లట. గుడ్లు లోపలెక్కడో సొరంగం చివర పెడతాయట. అసలు ఎండ్రకాయ ఏదో బగ్గీకి వెంటనే తెలిసింది. ముక్కు పట్టుకుంది. కుయ్యోమని గెంతి, మళ్లీ అక్కడికే వెళ్లింది. ఓ మడుగులో చిన్న చేపపిల్లలు దాని కాళ్లని పొడుస్తుంటే కదలకుండా నిలబడింది. మా బాల్కనీలో అది అలా నిలబడడం నేనెప్పుడూ చూడలేదు.

బాబాయి చిన్నప్పుడు ఈ మడుగుల్లో ఏప్రిల్‌లో కూడా ఈత కొట్టేవారట. ఇప్పుడు ఎండాకాలం వస్తే ఇసుకే. చుట్టూ పామాయిల్, బోర్లు. "నాకూ రెండున్నాయి లే" అని ఆయనే నవ్వేశాడు. నాకేమనాలో తెలియలేదు.

ఆదివారం సాయంత్రం బగ్గీ టీకా కార్డు ఇచ్చి, ఏడాదికోసారి రేబిస్ ఇంజెక్షన్ మర్చిపోవద్దని చెప్పా. బాబాయి దాన్ని పట్టాదారు పాస్‌బుక్కులో పెట్టాడు. కారు వెనక పరిగెత్తుకొస్తుందని భయపడ్డా. అది వాగులో ఉంది. పిలవాలనిపించింది. పిలిస్తే వచ్చేస్తుంది, అందుకే పిలవలేదు. అశ్వారావుపేట దాకా పాటలు కూడా పెట్టుకోలేదు.

ఇప్పుడు రెండు నెలలకోసారి వెళ్తున్నా. గోమార్లు పట్టాయనో, పక్క తోటలో కోడిని తరిమిందనో మధ్యలో ఫోన్లు వస్తుంటాయి. మొన్న కారు దిగగానే నా చేయి వాసన చూసి, తోక ఊపి, వాగు వైపు నడిచింది. పదడుగులు వేసి, వస్తున్నానా లేదా అని ఆగి చూసింది.

చెప్పులు విప్పి వెనకే వెళ్లా.