వంతెన కింద నదివాసులు

మంజీర వంతెన కింద మట్టిగూళ్లు చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే. నాన్న ‘వానకోయిలలు’ అనేవారు. అంతకుమించి నాకూ తెలీదు.

ఈ ఎండాకాలం మొదట్లో వంతెనకు రంగులేసే పని మొదలైంది. గూళ్లన్నీ గీకేయాలన్నాడు మేస్త్రీ. “అసలేం పిట్టలు సార్ ఇవి?” అనడిగితే నోరు పెగల్లేదు.

మర్నాడు బైనాక్యులర్స్‌తో ఏటి ఒడ్డున కూర్చున్నా. కరెంటు తీగ మీద వాలాయంటే స్విఫ్టులు కావు. వాటికి తీగల మీద కూర్చోవడం చేతకాదు. నెత్తి ఇటుక రంగు. వైర్‌టెయిల్డ్ స్వాలోకీ అంతే, కానీ దాని గొంతు తెల్లగా ఉంటుంది. వీటి గొంతు నిండా సన్నటి గీతలు! తోక చీలిక కూడా అంతంతమాత్రమే. స్ట్రీక్‌త్రోటెడ్ స్వాలో. పిచ్చుక కంటే చిన్నది, 12 సెంటీమీటర్లు మించదు. శాస్త్రీయ నామంలోని ‘ఫ్లూవికోలా’ అంటే లాటిన్‌లో నదివాసి. ఒడ్డున తడిమట్టిని ముక్కుతో ఉండలుగా తెచ్చి, ఒకదాన్నొకటి ఆనుకునేలా గూళ్లు కడతాయి. గాల్లో ఎగిరే పురుగులే తిండి.

మేస్త్రీకి పేరు చెప్పి, గూట్లోంచి నోళ్లు తెరిచిన పిల్లల్ని చూపించా. కాసేపు తలెత్తి చూశాడు.

“సరే, అవతలి కొస నుంచి మొదలెడతాం. ఇవి ఎగిరిపోయాక చెప్పండి.”

ఇప్పుడు రోజూ సాయంత్రం వెళ్లి చూసొస్తున్నా. ఇంకా ఎగరలేదు.