నీళ్లు దిగితే కనబడే సంగమేశ్వరం

శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. అది తగ్గుతూ తగ్గుతూ 840 దరిదాపులకు వచ్చిందంటే మా వైపు జనం సంగమేశ్వరుడి కబురు కోసం ఎదురుచూస్తారు. ముందు శిఖరం తేలుతుంది. ఆ తర్వాత కప్పు, గోడలు. నీళ్లు పూర్తిగా తీశాక పారలతో ఒండ్రు ఎత్తిపోసి, గర్భగుడి కడిగి, దీపం పెడతారు. మళ్లీ కృష్ణకు వరదొచ్చేదాకా స్వామికి పూజలు జరుగుతాయి. నీళ్లు గుడిని చుట్టుముట్టే రోజున చివరి హారతి. ఆపైన పడవలో వెళ్లి శిఖరానికి పూజ చేసి వస్తారు.

నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలంలో, నల్లమల అంచున ఉందీ క్షేత్రం. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమరథి, మలాపహారిణి, భవనాశి కలిసే చోటు కనుక సప్తనదీ సంగమం అన్నారు. ఏడింటిలో భవనాశి ఒక్కటే మగ నది అని ప్రతీతి.

స్థలపురాణం నేను మా జేజి నోట విన్నాను. అరణ్యవాసంలో ధర్మరాజు ఇక్కడ శివలింగం ప్రతిష్ఠించాలనుకుని, కాశీ నుంచి లింగం తెమ్మని భీముణ్ణి పంపాడు. ముహూర్తం ముంచుకొచ్చింది, భీముడు రాలేదు. రుషుల మాట మీద వేపమొద్దును లింగంగా మలిచి ప్రతిష్ఠ చేసేశారు. తీరా భీముడొచ్చి చూస్తే పని అయిపోయింది. "పెద్దన్న మీద అరవలేడు కదా నాయనా, ఆ కోపం రాయి మీద చూపించినాడు. తెచ్చిన లింగాన్ని భవనాశిలోకి ఇసిరేసినాడు" అనేది జేజి. తమ్ముడి మనసు కుదుటపరచడానికి ధర్మరాజు ఆ లింగాన్నీ ఒడ్డున నిలిపి, ముందు భీమలింగాన్ని చూశాకే సంగమేశ్వరుణ్ణి చూడాలని కట్టడి చేశాడట. అలిగినవాడికి మొదటి దండం దక్కే ఈ కథంటే నాకు ప్రాణం.

ఆ వేపలింగమే ఇప్పటికీ గర్భగుడిలో ఉంది. ఏడాదిలో ఎక్కువ నెలలు నీటి అడుగునే ఉంటుంది. ప్రాకారం కూలింది, చుట్టూ ఉన్న కట్టడాలు శిథిలమయ్యాయి, రాతిబొమ్మల ముఖాలు అరిగిపోయాయి. ఆ కొయ్య మాత్రం నిలిచింది.

నిలవనివి జేజి చెప్పిన మిగతావన్నీ. శివరాత్రికి రెండు రోజుల ముందే బండ్లు కట్టేవాళ్లు. ఎద్దుల మెడల్లో గంటలు, బండి కింద వేలాడే కుండలో సద్ది. తిరునాళ్లలో బొరుగులు, బెల్లం, గాజుల అంగళ్లు, రాత్రంతా చెక్కభజన. ఎండలు ముదిరాక ఏటి ఇసుకలో దోసపాదులు పెట్టేవాళ్లు. దాహమైతే ఇసుకలో మోచేతి లోతు చెలమ తీసి కూర్చోవడమే. మొదట బురదగా ఊరుతుంది, దాన్ని తోడి పారేస్తారు, రెండోసారీ అంతే. మూడోసారి తేరిన నీళ్లను దోసిట్లో పట్టి తాగితే ఏటి రుచి తెలిసేదట. ఇప్పుడక్కడ ఇసుక లేదు. అడుగుల మందాన ఒండ్రు పేరుకుంది.

శ్రీశైలం జలాశయం కోసం 1981లో ఊళ్లు ఖాళీ చేయించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. రూపాల సంగమేశ్వరాలయం కర్నూలు దగ్గర జగన్నాథగట్టుకు చేరింది. ఇది మంచి పనే, చేసినవాళ్లకు దండం పెట్టాలి. ఈ గుడికి ఆ యోగం పట్టలేదు. మనుషులు తలా ఒక దిక్కయ్యారు. ఇంటికో ఉద్యోగమన్న 98 జీవో కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ముసలివాళ్లయినవారు మా బంధువుల్లోనే ఉన్నారు.

మునిగాక గుడి మొదటిసారి బయటపడింది 2003లో. జేజిని తీసుకెళ్లాం. ముందు భీమలింగానికి, తర్వాత స్వామికి మొక్కుకుంది. బయటికొచ్చి గుడికి వీపు ఆనించి నిలబడి, చేత్తో దిక్కులు చూసుకుంది. "ఇట్లా పోతే చింతచెట్టు. దాని పక్కన బాయి. బాయి దాటితే మనిల్లు" అని ఎండిన బురద మీద నడవసాగింది. ఒకచోట కాలితో మట్టి గీకితే గడపరాయి తేలింది. ఎవరి ఇంటిదో ఆమెకే తెలుసు. అక్కడ కూర్చుని వరసగా ఇంటిపేర్లు చెప్పుకుపోయింది. మాలో ఎవరి దగ్గరా కాగితం, కలం లేవు.

జేజి ఇప్పుడు లేదు. గుడిని చూడడానికి ఏటా జనం వస్తున్నారు, ఫొటోలు తీసుకుంటున్నారు. రండి, చూడండి. మీ ఇంట్లో ముంపు ఊళ్ల పెద్దవాళ్లుంటే వాళ్లనూ వెంటబెట్టుకు రండి. ఏ వీధి ఎక్కడుండేదో, ఎవరి ఇల్లు ఎటుండేదో అడిగి, అక్కడే కూర్చుని రాసుకోండి. ఆ పని ఈ వేసవిలోనే చేయండి.