వాల్వ్ ముందు, మీటరు తర్వాత

లాత్వియా రాజధాని రీగాలో అపార్ట్‌మెంట్ల వేడి లెక్కలు చూడటం నా ఉద్యోగం. చదువు కోసం ఇక్కడి టెక్నికల్ యూనివర్సిటీకి వచ్చి, ఆ తర్వాత ఇళ్ల నిర్వహణ చూసే ఒక సంస్థలో చేరాను. ఊరికి ఫోన్ చేస్తే మా బాబాయి ఇప్పటికీ అడుగుతాడు, "వేడికి కూడా మీటరేంట్రా?" అని. ఆయనకు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

రీగాలో ఎక్కువ ఇళ్లకు సొంత బాయిలరు ఉండదు. పెద్ద పెద్ద ప్లాంట్లలో గ్యాసుతోనో చెక్కముక్కలతోనో నీళ్లు కాచి, భూమి కింద పైపుల్లో ఊరంతా పంపిస్తారు. ఆ నీటి వేడి ప్రతి భవనం సెల్లారులో ఉండే ఉష్ణమార్పిడి యంత్రం ద్వారా లోపలి పైపుల్లోకి, అక్కడి నుంచి గదుల్లోని రేడియేటర్లకు చేరుతుంది. ప్లాంటు నుంచి వచ్చిన నీరు ఆ యంత్రంలో చల్లబడి తిరిగి ప్లాంటుకే పోతుంది. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఈ వేడి లేకుండా ఇక్కడ బతకలేం.

నేను తిరిగే పేటలు పుర్వ్‌సియెమ్స్, ఇమాంతా, కెంగరాగ్స్. సోవియట్ కాలంలో కాంక్రీటు పలకలతో లేపిన అయిదంతస్తుల, తొమ్మిదంతస్తుల భవనాలే ఎక్కువ. కట్టినప్పుడు ఇంధనం చవక. అందుకే రేడియేటరుకు వాల్వ్ పెట్టలేదు, వేడిని కొలవలేదు. ఇంటి వైశాల్యాన్ని బట్టి డబ్బు కట్టించుకునేవారు. గది ఉడికిపోతుంటే కిటికీ తెరవడమే దారి. గడ్డకట్టే చలిలో కిటికీలు బార్లా తెరిచి ఉండటం అప్పట్లో అందరికీ అలవాటే.

1990ల నుంచి వచ్చిన పెద్ద మార్పు సెల్లారులో జరిగింది. చాలా భవనాలకు కలిపి వేడిని అందించే ఉమ్మడి కేంద్రాలు పోయి, ఏ భవనానికి ఆ భవనంలోనే ఆటోమేటిక్ కేంద్రం వచ్చింది. బయటి గోడకు ఒక సెన్సరు ఉంటుంది. దాన్ని బట్టి కేంద్రంలోని వాల్వ్ తనంతట తానే కదులుతుంది: చలి పెరిగితే లోపలికి వెళ్లే నీటి వేడి పెరుగుతుంది, ఎండ కాస్తే తగ్గుతుంది. పక్కనే వేడి మీటరు. దానిలో మూడు భాగాలు: ఎంత నీరు వెళ్లిందో చూసేది ఒకటి, వచ్చే నీటికీ పోయే నీటికీ ఉష్ణోగ్రత తేడా చూసే సెన్సర్ల జత, ఈ రెండింటినీ కలిపి లెక్కగట్టే యంత్రం. ఒక ఘనపు మీటరు నీరు 20 డిగ్రీలు చల్లబడితే సుమారు 23 కిలోవాట్ అవర్ల వేడి ఇచ్చినట్టు. ఇక్కడ వాల్వూ మీటరూ కలిసే వచ్చాయి. అందుకే ఆ మార్పు ఫలించింది.

భవనం మొత్తం లెక్క అలా పక్కాగా తేలింది. దాన్ని ఇళ్ల మధ్య పంచడం మాత్రం చాలాచోట్ల చదరపు మీటర్ల పద్ధతిలోనే ఉండిపోయింది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ట్యాంకరు నీళ్ల ఖర్చు ఫ్లాటుకింత అని సమంగా వేస్తే ఇద్దరున్న ఇల్లూ ఏడుగురున్న ఇల్లూ ఒకటే కడతాయి కదా, ఇదీ అంతే. ఆదా చేసినవాడికి దక్కేది ఏమీ లేదు.

మరి ప్రతి ఇంటికీ ఒక మీటరు పెట్టొచ్చుగా అంటారు. ఈ భవనాల్లో పైపు ఇంటి గుమ్మం దగ్గర లోపలికి రాదు. ప్రతి గదిలోనూ ఒక నిలువు పైపు కింది ఇంటి నుంచి పై ఇంటికి పోతుంది. ఒక్క ఇంట్లోనే అలాంటివి మూడు నాలుగు. అందుకని ప్రతి రేడియేటరుకూ అలొకేటరు అనే చిన్న పరికరం బిగిస్తాం. అది వేడిని నేరుగా కొలవదు. రేడియేటరు ఒంటి వేడినీ గది గాలి వేడినీ పోల్చి యూనిట్లు లెక్కేసుకుంటుంది. భవనం బిల్లులో ఈ ఇంటి వాటా ఎంతో ఆ యూనిట్లు చెబుతాయి. రీడింగు రేడియో ద్వారా వస్తుంది కాబట్టి తలుపు తట్టే పని లేదు. కానీ బిగించేటప్పుడు ప్రతి రేడియేటరు రకం, పొడవు, ఎత్తు సరిగ్గా రాసుకోవాలి. ఆ వివరాలు తప్పితే లెక్కంతా తప్పుతుంది.

కెంగరాగ్స్‌లో ఒక పెద్దావిడ నా పని పూర్తయ్యేదాకా చూసి, "కొలుచుకో అబ్బాయీ, కాదనను. తగ్గించుకోవడానికి నా చేతిలో ఏముంది?" అని అడిగింది. ఈ వృత్తి మొత్తానికి అదే అసలు ప్రశ్న. గదికి తగినట్టు వేడిని తానే సర్దే థర్మోస్టాట్ వాల్వ్‌ను డెన్మార్క్‌లో మ్యాడ్స్ క్లౌసెన్ 1943లోనే తయారుచేశాడు. ఆ తర్వాత కట్టిన ఈ భవనాల్లో మాత్రం అది లేదు. ఒకే పైపు మీద వరసగా రేడియేటర్లున్నచోట ఊరికే వాల్వ్ బిగిస్తే, ఒకరు కట్టేసిన మరుక్షణం ఆ వరసలో మిగిలినవాళ్లకూ వేడి ఆగిపోతుంది. అందుకే ముందు రేడియేటరు పక్కగా నీరు దాటిపోయే అడ్డపైపు వేయాలి, తర్వాత వాల్వ్, తర్వాత నిలువు పైపులన్నిటికీ నీరు సమంగా అందేలా సర్దుబాటు. ఇవన్నీ అయ్యాకే అలొకేటరు. తగ్గించుకునే వీలు ఇవ్వకుండా కొలిచి బిల్లు పంపడం అన్యాయమని నా గట్టి నమ్మకం.

పంపకంలో ఇంకో చిక్కుంది. వేడి గోడలు దాటుతుంది. ఒకరు రేడియేటర్లన్నీ కట్టేసుకుని చుట్టుపక్కల ఇళ్ల వేడితో శీతాకాలం గడిపేయొచ్చు. చివరి అంతస్తువాళ్లకు, మూల ఇళ్లవాళ్లకు బయటి గోడలు ఎక్కువ కాబట్టి ఎంత జాగ్రత్తపడ్డా ఖర్చు ఎక్కువే. అందుకే బిల్లులో కొంత భాగం వైశాల్యాన్ని బట్టే ఉంచాలి. జర్మనీ 1981 నుంచి అమలుచేస్తున్న నిబంధన ప్రకారం ఖర్చులో 50 నుంచి 70 శాతం వాడకాన్ని బట్టి, మిగతాది సాధారణంగా వైశాల్యాన్ని బట్టి పంచుతారు. ఇళ్లవాళ్ల సమావేశాల్లో నా సమయమంతా ఈ నిష్పత్తి గురించి మాట్లాడటానికే పోతుంది. పోవాలి కూడా. ఒప్పుకోని పద్ధతిని ఎవరూ పాటించరు.

యూరోపియన్ యూనియన్ 2012 నాటి ఆదేశం వాడకాన్ని బట్టే బిల్లు ఉండాలంది. అయితే సాంకేతికంగా వీలైనచోట, ఖర్చు గిట్టుబాటైనచోట అనే షరతు పెట్టింది. 2027 నాటికి ఈ పరికరాలన్నీ దూరం నుంచే రీడింగు ఇచ్చేలా ఉండాలన్నది తర్వాత వచ్చిన సవరణ. వీలు, గిట్టుబాటు అన్న ఆ షరతును తప్పించుకునే దారిగా చూసేవాళ్లున్నారు. నేను దాన్ని పని వరసగా చదువుతాను: ముందు భవనాన్ని బాగుచేయాలి, తర్వాతే కొలవాలి. గోడలకు తొడుగు లేని పాత భవనానికి చదరపు మీటరుకు ఏడాదికి 150 కిలోవాట్ అవర్లు దాటి ఖర్చవడం మామూలే. గోడలూ కిటికీలూ బాగుచేస్తే అది 90 లోపుకు దిగుతుంది. గోడలోంచి కారిపోయే వేడిని ఏ మీటరూ ఆపలేదు.

2022లో గ్యాసు ధర ఎగబాకినప్పుడు బిల్లు చూసి భయపడినవాళ్లంతా మా ఆఫీసుకే వచ్చారు. ప్రభుత్వ సాయం కొంత భారం తగ్గించింది. బిల్లు అర్థమైనవాళ్లు పడుకునే గదిలో వాల్వ్ ఒక గీత తగ్గించి, మరుసటి నెల బిల్లులో తేడా చూసుకున్నారు. అందుకే బిల్లులో ఈ నెల వాడకం, పోయిన ఏడాది ఇదే నెల వాడకం పక్కపక్కనే కనిపించాలని పట్టుబడతాను. పెద్ద అక్షరాలతో, ఒకే పేజీలో.

మన దేశంలోనూ ఇలాంటి ఉమ్మడి వ్యవస్థలు మొదలయ్యాయి. గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీలో ఒకే కేంద్రం నుంచి భవనాలకు చల్లదనం సరఫరా అవుతోంది. రేపు మన నగరాల్లో ఇలాంటివి కట్టే ఇంజినీర్లకు నేను చెప్పేది ఒక్కటే. ప్రతి ఇంటికీ పైపు ఒకేచోట లోపలికి వచ్చేలా డిజైను చేయండి. అక్కడే వాల్వ్, దాని పక్కనే మీటరు పెట్టండి. గోడలు లేవకముందు ఇది ఒక గీతతో అయిపోయే పని. మేం ఇక్కడ అదే పనిని, మనుషులు కాపురముంటున్న ఇళ్లలో, గది గదికీ తిరిగి చేయాల్సి వస్తోంది.