మేము కాపురముండని మా యిల్లు

మన పాఠశాల సంచికకు సైనికజీవితమును గూర్చి యేదైన వ్రాయుడని సంపాదకవర్గమువారు కోరిరి. పూర్వవిద్యార్థి సైనికుడైనచో యుద్ధవార్తలే వ్రాయునని వారి తలంపు కాబోలు. మాకు నిద్రపట్టనీయనిది తుపాకిమ్రోత గాదు; విశాఖపట్టణమున గోపాలపట్టణమందు మేము కొన్న రెండుగదుల యిల్లు. కావున దానిని గూర్చియే వ్రాయుచున్నాము.

మేము 1992లో సైన్యమున చేరితిమి. హవల్దారునకు నాడు సేవాకాలము 24 సంవత్సరములు. క్వార్టరు విడిచిన నాడు తలదాచుకొను చోటేది యను ప్రశ్న బారకులలో ప్రతివాని నోటను వినబడుచుండెను. 2009లో సెలవుమీద వచ్చి యిల్లు కొంటిమి. వెల 13 లక్షల రూపాయలు. అందు 9 లక్షలు బ్యాంకు ఋణము. గడువు 15 ఏండ్లు, వడ్డీ నూటికి పది, నెలవాయిదా 9,671 రూపాయలు. తక్కిన సొమ్ము కొంత సైనికుల భవిష్యనిధినుండి తీసితిమి, కొంత మా గృహిణి గాజులమ్మగా వచ్చెను. ఏటికి 60 దినముల వార్షికసెలవున్న మాట నిజమే గాని, జమ్మూనుండి విశాఖకు రానుపోను ఆరు దినములు రైలులోనే గడచును. దస్తావేజులు చూపించుటకును, బ్యాంకుచుట్టును, రిజిస్ట్రారు కచేరిచుట్టును తిరుగుటకును తక్కినవి చాలలేదు. సెలవు ముగియుటకు రెండు దినములు ముందు తాళపుచెవులు చేతికి వచ్చెను. ఆ యింట ఒక్క రాత్రి చాపవైచుకొని పరుండి, మరునాడు బండి యెక్కితిమి.

సొంతయింట కుటుంబము నుంచరాదా యని చదువరులడుగవచ్చును. అద్దె వచ్చిననే గాని వాయిదా గడవదు. పీసు స్టేషనుకు బదిలీయైనప్పుడు కుటుంబమునకు క్వార్టరు దొరకును. సరిహద్దున నున్నప్పుడు మా గృహిణి పిల్లలతో పుట్టినింట నుండెడిది. అందుచే మా తమ్మునిపేర ముక్తారునామా వ్రాసియిచ్చి, దుస్తులు కుట్టు నొక గృహస్థునకు నెలకు 3,500 రూపాయలకు ఇల్లు అద్దె కిచ్చితిమి. పదునొకండు నెలల కొకసారి పత్రము మార్చుట; ఎవరు కాదనుకొన్నను రెండు నెలల నోటీసు; గోడలకు మేకులు కొట్టరాదు; వెనుకనున్న చిన్నగది మాది, దానికి తాళము. ఆ గదిలో మా ట్రంకుపెట్టె యుంచితిమి.

అయిదేండ్లు సాఫీగా జరిగెను. 2014 వర్షాకాలమున అద్దె రెండు నెలలు ఆలస్యమయ్యెను. అప్పుడు మేము లడఖులో నుంటిమి. అంత దూరమున నున్నవానికి అనుమానము మిక్కిలి చవుకగా దొరకు వస్తువు. ఇల్లు పాడుచేయుచున్నాడేమో, వేరొకనికి అద్దెకిచ్చెనేమో యని రాత్రులు తలపోసి, దసరా వెళ్ళగానే వానిని లేవగొట్టుమని తమ్మునికి ఫోనుచేసితిమి. ఆలస్యమునకు కారణమేమని మాత్రము అడుగలేదు.

తమ్ముడు మెత్తనివాడు, నేడు రేపనుచు జాగుచేసెను. ఇంతలో అక్టోబరు 12వ తేది ఆదివారమునాడు హుద్‌హుద్ తుపాను విశాఖపై పడెను. టెలివిజనులో కూలిన చెట్లును, ఎగిరిపోయిన కప్పులును చూచితిమి. ఎన్ని మారులు ప్రయత్నించినను ఫోను కలియలేదు. కొండలలో కాపలాకాయు మాకు మా కప్పునకు కాపలా యెవరో తెలియదయ్యెను.

వారము గడచిన పిదప తమ్ముని ఫోను వచ్చెను. తరువాత కొంతకాలమునకు అద్దెదారుని యుత్తరము వచ్చెను. రెండు పుటలు. వెనుకవసారా రేకులు ఎగిరిపోయినవి. కొబ్బరిచెట్టు ప్రహరీగోడపై పడినది. కొత్త రేకులకింత, చెట్టు కొట్టిన కూలికింత, సిమెంటు కింత యని పైసలతో సహా లెక్క వ్రాసి, అద్దెలో నెలకు కొంచెముగా తగ్గించుకొందునని అడిగెను. చివర నింకొక మాట. నీరు చిన్నగదిలోనికి వచ్చుచుండగా మా తాళము పగులగొట్టి, ట్రంకుపెట్టెను తన యటకమీదికి ఎక్కించెనట. అనుమతి లేక తాళము ముట్టినందుకు క్షమింపవలెనని వ్రాసెను. వర్షాకాలమున అద్దె జాగగుటకు కారణము భార్యకు శస్త్రచికిత్స యని మాకు తమ్మునివలన తెలిసెను. ఉత్తరములో దానిమాట లేదు. మేము వానిని లేవగొట్టుమన్న సంగతి వానికి నేటికిని తెలియదు. ఈ సంచిక వాని కంటబడినచో తెలియును, తెలియనిండు.

2016 జనవరి 31వ తేదిని మేము విరమించితిమి. డిసెంబరులోనే నోటీసు ఇయ్యవలసియుండెను. కాని వాని కుమార్తె పదవతరగతి, మార్చిలో పరీక్షలు. మా గృహిణికి కోపము వచ్చెను. “ఇరువదినాలుగేండ్లు ఊరూర తిరిగి, సొంతయిల్లుండగా మరల అద్దెకొంప వెదకుకొందుమా?” అనెను. అది న్యాయమైన ప్రశ్నయే. మాయొద్ద జవాబు లేకుండెను. ఇల్లు చూచుటకు ఇరువురము పోతిమి. ఆ పిల్ల కొత్తరేకుల వసారాలో చదువుకొనుచుండెను. తిరిగివచ్చునపుడు వీధిమలుపువరకు ఏమియు మాటాడక, “పరీక్షలు కానిండు” అని ఆమెయే యనెను.

రెండు వీధుల యవతల ఒక భాగము అద్దెకు తీసికొంటిమి. ఆ యింటి యజమాని మాకిచ్చిన పత్రములో గోడలకు మేకులు కొట్టరాదని యుండెను. చొక్కాలు తగిలించుకొనుటకు చోటులేక రెండు నెలలు పైన గడపితిమి. మా పత్రములో ఆ షరతు వ్రాయించినపుడు అదియెంతో ముచ్చటగా తోచినది!

ఏప్రిలులో పరీక్షలు ముగిసినవి. ఖాళీచేయు దినమున ఆయన తాళపుచెవు లిచ్చి, ఇల్లంతయు త్రిప్పి చూపెను. వెల పెట్టి కొన్నవారికి, ఏడేండ్లు కాపురమున్నవాడు ఇంటిని పరిచయము చేయుచుండెను. పెరటి కొళాయి ఎడమకు త్రిప్పవలెను. ఏ మీట వేసిన ఏ దీపము వెలుగునో చెప్పెను. “హవల్దారుగారూ, వానకాలములో వంటగది కిటికీ గడియ పడదండీ. రెక్క కొంచెము పైకెత్తి వేయండి” అనెను.

ఇప్పటికిని అట్లే వేయుచున్నాము.