జమ్మిచెట్టు, డేగవేట

దసరా నాడు జమ్మి ఆకు పెద్దల చేతిలో పెట్టి దణ్ణం పెట్టడం మనకు చిన్ననాటి అలవాటు. ఇక్కడివారు 'గాఫ్' అని పిలిచే ఎడారి చెట్టు ఆ జమ్మే. తెలంగాణకు అది రాష్ట్ర వృక్షం. ఎమిరేట్స్ 2019ని సహన సంవత్సరంగా జరుపుకున్నప్పుడు దానినే చిహ్నంగా పెట్టుకుంది.

అబూదాబి ఎడారిలో గాఫ్, రేగుజాతి సిద్ర్, తుమ్మజాతి సమర్ తోపులు తోపులుగా నాటించినవారు షేక్ జాయెద్. ఆయనకు వేటంటే ప్రాణం కూడా. "వేటాడే మనిషి అడవి ఎందుకు పెంచాడు?" అని మా పిల్లలు అడిగారు. అడగవలసిన ప్రశ్నే.

తుపాకీతో వేట సాగితే జంతువులు మిగలవని గ్రహించి ఆయన డేగవేటకే పరిమితమయ్యారు. డేగవేట మనకూ కొత్తకాదు. విజయనగరాన్ని ఏలిన సాళువ వంశం పేరు వేటడేగ పేరే. డేగకు ఇష్టమైన ఎర హుబారా, మన బట్టమేక పిట్టకు చుట్టం. అది తగ్గిపోతుంటే అల్ ఐన్ జంతుప్రదర్శనశాలలో 1977లో పెంపకం మొదలుపెట్టారు. 1982లో తొలి పిల్ల పుట్టింది. 1983లో అడవి జంతువుల, పక్షుల వేటను చట్టం కట్టడి చేసింది. ఇప్పుడు అల్ మర్జూమ్ రక్షితప్రాంతంలో వేటకు చోటుంది. అక్కడ పెంచి వదిలిన హుబారాలను డేగతో వేటాడతారు. సర్ బనీ యాస్ దీవిలోనూ చెట్లు నాటి, ఆ నీడన ఆరిక్స్‌లను పెంచారు. 1972 నాటికి ఆ జంతువు అడవిలో అంతరించిపోయింది.

డేగలకు ఇక్కడ పాస్‌పోర్టులున్నాయి. 1999 నుంచి అబూదాబిలో వాటికి ప్రత్యేకంగా ఆసుపత్రీ ఉంది: కాలి అడుగున పుండ్లకు చికిత్స, విరిగిన ఈకకు మరో ఈక అతికించడం, ఎక్స్‌రే, అన్నీ ఉన్నాయి. మనుషుల డాక్టర్లమైన మాకు ఇది చూస్తే ముచ్చటే.

కాని వైద్యదృష్టితోనే ఒక మాట చెప్పాలి. ఈ తోపుల్లో చాలావాటికి భూగర్భజలాన్ని తోడి గొట్టాలతో బొట్టుబొట్టుగా పోస్తున్నారు. సెలైన్ మీద ఉన్న రోగిని చూసి కోలుకున్నాడని ఏ డాక్టరూ అనడు. వాన తక్కువ దేశంలో తోడిన నీరు తిరిగి చేరడం కష్టం. వేళ్ళు లోతుకు దించుకునే జమ్మి లాంటి చెట్టుకే ఆ సెలైన్ ఎప్పటికైనా తీసేయగలం.

రెండోది, హుబారాకు కావలసింది అడవి కాదు, బయలు నేల. దానికి మన రోళ్ళపాడే సాక్షి. కర్నూలు ప్రాంతంలో 1988లో బట్టమేక పిట్ట కోసం రక్షితప్రాంతం పెట్టారు. చుట్టుపక్కల సాగునీరు వచ్చి, పంటలు మారి, గడ్డినేలలు తరిగిపోగా ఆ పిట్ట దాదాపు కనుమరుగైంది. పచ్చదనం పెరిగినంత మాత్రాన ప్రతి ప్రాణికీ మేలు జరగదు.

అందుకని పిల్లలకు మేము చెప్పిన జవాబు ఇది: వేటాడే హక్కు కోరేవాడు పెంచే బాధ్యతా నెత్తిన వేసుకోవాలి, ఎంత చంపామన్నదీ, ఎంత పెంచామన్నదీ, ఎంత నీరు తోడామన్నదీ ఒకే పద్దులో రాసుకోవాలి. ఈ దేశం మొదటి రెండూ రాసుకోవడం నేర్చింది. మూడోది ఇంకా బరువుగానే ఉంది.

ఈసారి దసరాకు పిల్లలను గాఫ్ చెట్టు దగ్గరకు తీసుకువెళ్ళండి. ఆకు కోయకపోయినా ఫరవాలేదు; నీడన కాసేపు కూర్చుంటే చాలు.