చీర మీద చలికోటు

మ్యూనిక్‌కి కొత్తగా వచ్చిన మన ఆడవాళ్ళని గుర్తుపట్టడం చాలా తేలికండీ. ఒంటి మీద ఖరీదైన కోటు ఉంటుంది, కాళ్ళకి మాత్రం పల్చటి చెప్పులుంటాయి. ఇది ఎవరినో వెక్కిరించడానికి చెప్పడం లేదు. 2012 జనవరిలో నా అవతారం అచ్చం అదే!

నా సూట్‌కేసులో ఆరు పట్టుచీరలు, ఒకే ఒక్క స్వెట్టరు ఉండేవి. వచ్చిన వారానికే సగం ధరకి వస్తున్నాయని ఎత్తుమడమల బూట్లు కొన్నాను. సంక్రాంతికి తెలుగువాళ్ళందరం కలుస్తున్నామంటే పట్టుచీర కట్టి, ఆ బూట్లు తొడుక్కుని ట్రామ్ స్టాపుకి బయల్దేరాను. పది అడుగులు వేశానో లేదో, మంచుగడ్డ మీద సర్రున జారి కూలబడ్డాను. మా వారు నన్ను లేపే లోపే పక్కింటి జర్మన్ పెద్దావిడ పరుగెత్తుకొచ్చింది. నన్ను నిలబెట్టి, తన బూటు పైకెత్తి అడుగు భాగం చూపించింది. ట్రాక్టరు టైరులా లోతైన గాళ్ళున్నాయి! నాకప్పటికి జర్మన్ ఒక్క ముక్క రాదు. అయినా పాఠం అర్థమైంది. మ్యూనిక్‌లో షాపింగు కాళ్ళ దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి, పైనుంచి కిందికి కాదు.

మన ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది. దక్షిణాన ఆల్ప్స్ కొండలు. శీతాకాలంలో సున్నాకి దిగువన వణికించే చలి. మధ్యలో ఉన్నట్టుండి కొండల మీంచి ఫ్యోన్ అనే వెచ్చటి గాలి వీచిందంటే కోటు విప్పి చేత్తో పట్టుకోవాల్సిందే. బయట గడ్డకట్టే చలి, దుకాణం లోపల ఉక్కపోత. అందుకే ఇక్కడివాళ్ళు ఉల్లిపాయ పద్ధతి అంటారు. లోపల పల్చటి బనీను, దాని మీద ఉన్ని స్వెట్టరు, పైన గాలీ వానా ఆపే కోటు. అవసరాన్ని బట్టి ఒక్కో పొర ఒలుచుకోవడమే. ఒకే ఒక్క దళసరి కోటు కొనే బదులు అదే డబ్బుతో మూడు పొరలు కొనుక్కుంటే ఏడాదిలో తొమ్మిది నెలలు పనికొస్తాయి.

మరి చీర సంగతేమిటంటారా? చీరా పొరే కదండీ! లోపావడా కింద ఉన్ని లెగ్గింగు, జాకెట్టు బదులు మెడ దాకా వచ్చే పల్చటి స్వెట్టరు. కుచ్చిళ్ళు రెండంగుళాలు పైకి కట్టుకుంటే కాలిబాటల మీద చల్లే కంకరపొడికి అంచు పాడవకుండా ఉంటుంది. కాళ్ళకి మంచుబూట్లు, సంచిలో చెప్పులు. హాలుకి వెళ్ళాక కోట్లు తగిలించే చోట మార్చుకోవచ్చు. ఇందులో నామోషీ ఏమీ లేదు. నేషనల్ థియేటర్‌లో ఒపెరాకి వచ్చే జర్మన్ ఆడవాళ్ళు సంచుల్లోంచి బూట్లు తీసి మార్చుకోవడం నేను కళ్ళారా చూశాను.

ఇక బజారుకి వెళదాం పదండి. మారియన్‌ప్లాట్స్‌లో దిగితే కాఫింగర్ వీధి, నొయ్‌హౌజర్ వీధి కలిసి కార్ల్స్‌ప్లాట్స్ దాకా నడిచే వాళ్ళకే. 1972 ఒలింపిక్స్ ఏడాదిలో ఇక్కడ బండ్లు ఆపేశారు. మన కోఠీలోలా స్కూటర్లని తప్పించుకునే పని లేదు. పురభవనం మూలన 1861 నాటి లుడ్విగ్ బెక్ కనిపిస్తుంది. కాస్త అవతల మాఫై వీధిలో 1842 నాటి లోడెన్‌ఫ్రై ఉంది. లోడెన్ అంటే నేసిన ఉన్నిని నీళ్ళలో నానబెట్టి బాగా మర్దించి, దట్టంగా ముడుచుకునేలా చేసిన గుడ్డ. పూర్వం కొండల్లో గొర్రెలు కాసేవాళ్ళ బట్ట ఇది. సన్నటి వాన దాని మీంచి జారిపోతుంది. ఖరీదెక్కువే గానీ ఒక్క కోటు ఏళ్ళ తరబడి వస్తుంది. మాక్సిమిలియన్ వీధిలో పెద్ద పెద్ద బ్రాండ్లుంటాయి. అక్కడ నేను చేసే షాపింగల్లా అద్దాల్లోంచి చూడటమే. అది ఉచితం!

కొత్తగా వచ్చిన వాళ్ళకి నాలుగు మాటలు. ఆదివారం దుకాణాలు మూసేస్తారు. తక్కిన రోజుల్లో మామూలుగా రాత్రి 8 తర్వాత తలుపు తట్టినా లాభం లేదు. జనవరి చివర, జూలై చివర తగ్గింపు ధరలుంటాయి. ఒకప్పుడు ఆ తేదీలు చట్టమే నిర్ణయించేది. 2004లో ఆ నిబంధన తీసేశారు గానీ అలవాటు మాత్రం పోలేదు. దుకాణంలో కొన్న వస్తువులో లోపం లేకపోతే వెనక్కి తీసుకోవడం వాళ్ళ దయ. ఆన్‌లైన్‌లో కొంటే మాత్రం 14 రోజుల హక్కు మనది. కాబట్టి డబ్బు కట్టే ముందే అడగండి, రసీదు దాచుకోండి. అన్నిటికంటే ముఖ్యంగా, ధరని ఎన్నిసార్లు వేసుకుంటామో ఆ లెక్కతో భాగించండి. నా సగం ధర బూట్లు ఒక్కసారి వేశాను. ఆ తర్వాత మూడు రెట్లు పెట్టి కొన్నవి ఆరు శీతాకాలాలు తొక్కాను. ఏవి చవకో మీరే చెప్పండి.

ఈ లెక్క నేను గర్వంగా అందరికీ చెబుతుండగా మా అమ్మాయి నన్ను ఇరుకున పెట్టింది. ఇక్కడే పుట్టిన పిల్ల, ఎనిమిదో తరగతి. ఆక్టోబర్‌ఫెస్ట్‌కి స్నేహితురాళ్ళందరూ డిర్న్‌డల్ వేసుకుంటున్నారట. "ఏడాదికి ఒక్కరోజు కోసం అంత డబ్బా?" అన్నాను. అది నా బీరువా తెరిచి, "అమ్మా, ఈ పట్టుచీరలు ఏడాదికి ఎన్నిసార్లు కడతావు?" అంది. మా వారు పేపరు అడ్డం పెట్టుకుని నవ్వడం నాకు తెలుస్తూనే ఉంది.

నిజానికి డిర్న్‌డల్‌ని చూస్తే నాకు మన లంగా, ఓణీ గుర్తొస్తాయి. బిగుతైన రవిక, కుచ్చుల పావడా, పైన ఓణీకి బదులు ముందు కట్టే ఏప్రాన్. ముడి ఎడమవైపు వేస్తే పెళ్ళికానిదని, కుడివైపు వేస్తే అయిందని చెబుతారు. మొదట ఇది పల్లెల్లో పనిమనుషుల బట్ట. 19వ శతాబ్దం చివర వేసవి విడిదికి వచ్చిన పట్నం వాళ్ళు ముచ్చటపడి ఫ్యాషన్ చేసుకున్నారు. మ్యూనిక్‌లో దీనికి పేరు తెచ్చినవాళ్ళలో ముఖ్యులు యూలియుస్, మోరిత్స్ వాలాఖ్ అనే యూదు సోదరులు. 1910లో ఆక్టోబర్‌ఫెస్ట్ నూరేళ్ళ ఊరేగింపుకి దుస్తులు సమకూర్చింది వాళ్ళే. 1938లో నాజీలు ఆ వ్యాపారం వాళ్ళ చేతుల్లోంచి లాగేసుకున్నారు. ఈ కథ విని మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగింది, "అయితే నేను వేసుకుంటే కూడా తప్పు లేదు కదా?" అని. దాని మనసులో ఉన్న అసలు భయం అదన్నమాట. కామెరూన్ నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు ఇదే ఊళ్ళో నోనీ పేరుతో ఆఫ్రికా గుడ్డలతో డిర్న్‌డల్‌లు కుట్టారని చెప్పాను. దాని మొహం విప్పారింది.

ఆ శనివారం దాన్ని ఆగ్స్‌బర్గ్ తీసుకెళ్ళాను. రైల్లో ముప్పావుగంట. 2010లో తెరిచిన టెక్స్‌టైల్ మ్యూజియం అక్కడుంది. పాత ఉన్ని నూలుమిల్లులో పెట్టారు. పాత అద్దకం నమూనాల పుస్తకాల్లోని పూలు, తీగలు చూస్తూ మా అమ్మాయి, "ఇవి అమ్మమ్మ చీరలో ఉన్నాయి కదూ!" అంది. అది సరిగ్గానే పట్టుకుంది. 17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవు నుంచి డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు మన పూల అద్దకాలని యూరప్‌కి ఓడలకెత్తారు. చిరివేరు ఎరుపు, కరక్కాయ, పటిక పట్టించిన గుడ్డ ఎన్నిసార్లు ఉతికినా రంగు పోదు. అది చూసి ఇక్కడివాళ్ళూ నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఆగ్స్‌బర్గ్‌లో ఈ అద్దకం 1689లో మొదలైంది. 18వ శతాబ్దంలో యోహాన్ హైన్రిష్ షూలె ఇక్కడ పెద్ద కర్మాగారమే కట్టాడు.

ఇంటికొచ్చి అమ్మకి ఫోన్ చేశాను. నా పెళ్ళప్పుడు అమ్మ పెట్టిన పెడన కలంకారీ చీర ఒకటుంది. అంచు దగ్గర చిరిగితే కట్టలేక, పారెయ్యలేక దాచుకున్నాను. దాన్ని కోయాలంటే చెయ్యి రావడం లేదన్నాను. అమ్మ ఒక్కమాటే అంది: "పెట్టెలో పెడితే పురుగులు కట్టుకుంటాయి. కోసెయ్యవే, మనవరాలు కట్టుకుంటుంది."

డిర్న్‌డల్ ఒకరు వాడినది, సాదా ముదురు నీలం, తక్కువ ధరకే దొరికింది. పావడా అంచు లోపలికి మడిచి కుట్టించాం, పిల్ల ఎదిగితే విప్పుకోవచ్చు. ఏప్రాన్ మాత్రం అమ్మమ్మ చీర. లోపల చిన్న జేబు నేనే కుట్టాను, ఇంటి తాళం, ట్రామ్ పాస్ పెట్టుకోవడానికి. ఆ ఉదయం అద్దం ముందు నిలబడి ముడి ఎడమవైపు వేసుకుంటుంటే ఫోటో తీసి అమ్మకి పంపాను.

మంచి బట్టంటే ఏమిటని ఇప్పుడెవరైనా అడిగితే నా దగ్గర జవాబుంది. నలుగురిలో నిలబడినప్పుడు మనమెవరమో చెప్పాలి, నడుస్తుంటే మనల్ని కింద పడెయ్యకూడదు!